ఇంతకీ అది ఏ పాము?

మా కోనసీమలో జనం లెక్క ప్రకారం పాములు రెండే రకాలు. చంపేసినవి, ఇంకా చంపాల్సినవి. కాస్త వెటకారంగా అనిపించినా అబద్ధం మాత్రం కాదు. కొబ్బరితోటలో మట్టలు ఏరుతుంటేనో, కాలవగట్టు మీద సైకిలు తొక్కుతుంటేనో, వానాకాలంలో వంటింటి గూట్లోనో పాము కనబడిందంటే ముందు కర్ర వస్తుంది, తర్వాత జనం వస్తారు, పని అంతా అయిపోయాక ఎవరో ఒక పెద్దాయన తీరిగ్గా వచ్చి "ఇంతకీ అది ఏ పామురా?" అని అడుగుతాడు. ప్రశ్న మంచిదే. అడిగిన వేళే బాలేదు.

కార్తీకమాసంలో నాగులచవితికి ఇదే జనం చిమ్మిలీ చలివిడీ పట్టుకెళ్ళి పుట్టలో పాలు పోసి, కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టుకుంటారు. పుట్టలో ఉంటే దేవుడు, పెరట్లో ఉంటే పాము అన్నమాట.

ఒకేలా కనబడే పాముల్ని విడదీసి చూడ్డం ఎలాగ, ఆ తెలివి ఎక్కడ పనికొస్తుంది, ఎక్కడ దాన్ని అస్సలు వాడకూడదు - ఇవీ ఈ టపాలో చెప్పదలుచుకున్నవి. ముందే చెప్పేస్తున్నా, నేను పాముల నిపుణుణ్ణి కాను. సాఫ్ట్‌వేర్ కూలీని. కాకపోతే ఒకేలా కనబడే రెండు బగ్గుల్ని విడదీసి చూడ్డమే నా వృత్తి కాబట్టి ఈ విషయం మీద మొదట్నుంచీ ఆసక్తి. పైగా సెలవులన్నీ రాజోలు, కొత్తపేట, అమలాపురం చుట్టాలిళ్ళలో గడిపినవాణ్ణి కాబట్టి పాముల డేటాకి లోటు లేదు.

ముందుగా నీరుకట్టు పాము సంగతి. కోనసీమలో కాలవలకీ చెరువులకీ వరిచేలకీ కొదవలేదు కాబట్టి దీనికీ కొదవలేదు. ఒంటినిండా చదరంగం బల్లలా నల్ల గళ్ళు. కంటి దగ్గర్నుంచి కిందకి ఏటవాలుగా రెండు నల్లగీతలు, కాటుక కారినట్టు. చేపలూ కప్పలూ తిని బతుకుతుంది. మనిషికి హాని చేసే విషం లేదు గానీ కోపం మాత్రం దండిగా ఉంది. కాలు తగిలితే చటుక్కున కరుస్తుంది, రక్తం కూడా వస్తుంది. అన్నిటికన్నా దాని ప్రాణం మీదకి తెచ్చే అలవాటు ఇంకొకటుంది. బెదిరిపోయినప్పుడు తల పైకెత్తి మెడ వెడల్పు చేస్తుంది. తాచుపాములా కనబడి శత్రువుని భయపెడదామని దాని ఎత్తుగడ. లక్షల ఏళ్ళు ఆ ఎత్తుగడ బాగానే పనిచేసి ఉంటుంది. ఎదురుగా చేతికర్ర ఉన్న మనిషి వచ్చేసరికి మాత్రం తిరగబడింది. "పడగ విప్పిందిరోయ్" అని ఒక్క కేక వినబడితే చాలు, దాని ఆయుష్షు తీరిపోయినట్టే.

నిజం తాచు పడగ చూసినవాళ్ళకి ఈ తేడా వెంటనే తెలుస్తుంది. తాచు పడగ చేటలా పరుచుకుంటుంది, వెనకవైపు మనవాళ్ళు కృష్ణపాదాలని చెప్పుకునే కళ్ళజోడు గుర్తు ఉంటుంది. కానీ కొన్ని తాచులకి ఆ గుర్తు మసగ్గా ఉంటుంది, కొన్నిటికి అసలు ఉండదు. అందుకని గుర్తు ఉంటే అది తాచే అనొచ్చు గానీ, గుర్తు లేకపోతే తాచు కాదు అనడానికి వీల్లేదు. ఈ రెండో ముక్క గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

రెండోది జెర్రిపోతు. పొడుగ్గా, గోధుమరంగులోనో నల్లగానో ఉండి, పడగ విప్పని తాచులాగే కనబడుతుంది. తేడాలు చూడాలంటే తల చూడాలి. జెర్రిపోతుకి కళ్ళు పెద్దవి, మెడ సన్నగా ఉండి తల విడిగా తెలుస్తుంది, పెదవుల మీద పెన్నుతో గీసినట్టు నల్లటి నిలువు గీతలుంటాయి. తాచుకి తలా మెడా ఇంచుమించు ఒకే వెడల్పు. జెర్రిపోతు పగటిపూట తిరుగుతుంది, మనిషి అలికిడికి బాణంలా పారిపోతుంది. దీనిమీద మా ఊళ్ళలో ఉన్నన్ని కథలు ఏ సినిమా హీరో మీదా లేవు. జెర్రిపోతు మగదిట, తాచు ఆడదిట, రెంటికీ పెళ్ళిట. రెండు పాములు పెనవేసుకుని నిటారుగా లేస్తుంటే దూరంనుంచి కొత్తబట్ట విసిరి, దాన్ని బీరువాలో దాచుకునేవాళ్ళని నేనెరుగుదును. నిజానికి ఆ పెనవేసుకున్నవి సాధారణంగా రెండు మగ జెర్రిపోతులు. పెళ్ళి కాదు, ఆడదానికోసం కుస్తీ!

ఇంకో తమాషా ఏమిటంటే, ఒకే పాముని రెండుగా మూడుగా చూడ్డంలో కూడా మనకి మనమే సాటి. గోధుమ తాచు వేరు, నల్ల తాచు వేరు, కోడెతాచు వేరు, ఒక్కోదాని విషం ఒక్కో తీరు అని చెప్తారు. మా ప్రాంతంలో ఇవన్నీ ఒకటే జాతి. వయసునీ ఒంటిరంగునీ బట్టి పేర్లు. అంటే ఉన్న తేడా కనబడదు, లేని తేడా కనబడుతుంది. (మా ఆఫీసులో రిక్వైర్మెంట్స్ మీటింగులు గుర్తొస్తే నా తప్పు కాదు.)

సరే, విషం లేని పాముని చంపితే పోయేదేముంది అంటారా? కోనసీమ రైతుని అడగండి. వరి పొట్టకొచ్చే వేళకి ఎలకలు మొదళ్ళు కొరికేస్తాయి, కొబ్బరిచెట్టెక్కి లేతకాయలకి చిల్లులు పెడతాయి. వెదురుబద్దల ఎలకబుట్టలు పట్టుకొచ్చే మనుషుల్ని పిలిచి, చేలో బుట్టలు పెట్టించి, కూలి ఇచ్చి ఎలకల్ని పట్టిస్తారు. నిన్న గట్టుమీద జెర్రిపోతు ఆ పనే కూలి తీసుకోకుండా చేస్తుంటే దాన్ని కొట్టి చంపి, ఇవాళ అదే పనికి డబ్బులివ్వడం ఎక్కడి లెక్కో నాకు అర్థం కాదు. చట్టం సంగతి అడిగితే, 1972 నాటి వన్యప్రాణి రక్షణ చట్టం జెర్రిపోతుకీ నీరుకట్టుకీ కూడా వర్తిస్తుంది. ఆ సంగతి మనలో ఎంతమందికి తెలుసో చెప్పక్కర్లేదు.

అమెరికాలో ఉంటున్న మిత్రుల కోసం ఇక్కడో చిన్న పిట్టకథ. మీ పెరళ్ళలో, ట్రెయిల్స్ మీద సన్నగా చారలతో కనబడే గార్టర్ పాములున్నాయి చూశారూ, అవి మన నీరుకట్టుకి దాయాదులు. రెండూ ఒకే ఉపకుటుంబం. మన దగ్గరే వానలు పడగానే గడ్డిలో కనబడే ఇంకో చిన్న పాముంటుంది, గోధుమరంగు ఒంటిమీద తల నుంచి తోకదాకా రెండు లేతపసుపు చారలు. ఆ పాముని, గార్టర్ పాముని పక్కపక్కన పెడితే వేలువిడిచిన అన్నదమ్ముల్లా ఉంటాయి.

బే ఏరియాలో మన తెలుగువాళ్ళు వేలల్లో ఉన్న శాన్ మటేయో కౌంటీలో శాన్ ఫ్రాన్సిస్కో గార్టర్ అని ఒక ఉపజాతి ఉంది. ప్రపంచం మొత్తంమీద ఆ కౌంటీలోనూ దాని దక్షిణపు అంచులోనూ తప్ప ఇంకెక్కడా లేదు. అమెరికా ప్రభుత్వం 1967లోనే దాన్ని అంతరించిపోతున్న జీవుల జాబితాలో చేర్చింది. మీరు ఇండియాకి విమానమెక్కే శాన్ ఫ్రాన్సిస్కో ఎయిర్‌పోర్ట్ పక్కన, ఫ్రీవేకి అవతల, 180 ఎకరాల స్థలం ఉంది. ఈ పాములు బాగా ఎక్కువగా ఉన్న చోట్లలో అదొకటి. ప్రాజెక్టు పనిమీద నేను అక్కడ ఉన్న రోజుల్లో పసిఫికా పక్కన మోరీ పాయింట్ కొండమీదకి నడకకి వెళ్ళేవాళ్ళం. అక్కడ ఈ పాముల కోసం, అవి తినే కప్పల కోసం చెరువులు తవ్వించారు. దారి తప్పి పక్కకి అడుగెయ్యొద్దని బోర్డులు. పాముకోసం మనిషి పక్కకి తప్పుకోవడం అనే దృశ్యం నాకు అంతకుముందు తెలీదు.

దీన్ని పోలిన చుట్టం ఒకటుంది, కాలిఫోర్నియా రెడ్ సైడెడ్ గార్టర్. రెండిటికీ ఒంటిమీద ఎరుపూ నలుపూ పసుపే. తేడా ఎక్కడంటే, శాన్ ఫ్రాన్సిస్కో పాముకి పక్కనున్న ఎర్రచార మామూలుగా తెగకుండా సాగుతుంది, రెండోదానికి ఆ ఎరుపుని నలుపు ముక్కలు ముక్కలుగా కోసేస్తుంది. అంతే తేడా. రెండు ఉపజాతులూ కలిసే చోట మధ్యరకం పాములు కూడా ఉంటాయి, అప్పుడు నిపుణులకే తల తిరుగుతుంది. ఇంకా విశేషం వినండి. 1995లో ఇద్దరు శాస్త్రవేత్తలు పాత నమూనాలు తిరగేసి, పందొమ్మిదో శతాబ్దంలో ఎర్రపక్కల పాముకి పేరు పెట్టినప్పుడు వాడిన నమూనా నిజానికి శాన్ ఫ్రాన్సిస్కో రకానిదే అని తేల్చారు. అంటే నియమం ప్రకారం పేర్లు అటూ ఇటూ మారాలి. మరి చట్టంలో, బోర్డులమీద, పుస్తకాల్లో రాసిన పేరు సంగతేంటి? ప్రొడక్షన్లో నడుస్తున్న కోడ్‌లో వేరియబుల్ పేరు మారిస్తే ఏమౌతుందో మీకు తెలుసు కదా. చివరికి జంతువుల పేర్లమీద తీర్పు చెప్పే అంతర్జాతీయ సంఘం 2000లో పాత వాడుకనే ఉంచేసింది. బ్యాక్‌వర్డ్ కంపాటబిలిటీ!

ఒక చార తెగిందా లేదా అన్నదానిమీద అక్కడ ఇంత చర్చ జరిగితే, మనకి నాలుగడుగుల జెర్రిపోతుకీ తాచుకీ తేడా పట్టదేం అని నాకు బాధ. మనవాళ్ళకి చూపు లేక కాదు. ఒకప్పుడు చాలా బాగా ఉండేది. దానికి సాక్ష్యం ఒక తెల్లదొర పుస్తకం.

ప్యాట్రిక్ రస్సెల్ అని స్కాట్లండు వైద్యుడు, 1780లలో విశాఖపట్నంలో ఉండి, ఈస్టిండియా కంపెనీకి ప్రకృతి శాస్త్రవేత్తగా పనిచేశాడు. కోరమాండల్ తీరంలో సేకరించిన పాములమీద 1796లో బొమ్మలతో పెద్ద పుస్తకం వేశాడు. పాముల్ని తెచ్చిచ్చిన స్థానికులు ఏ పేరు చెప్తే ఆ పేరే ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకున్నాడు. ఇవాళ ప్రపంచమంతా రస్సెల్స్ వైపర్ అని ఆయన పేరుతో పిలిచే రక్తపింజర ఆ పుస్తకంలో "కాటుక రేకుల పొడ" అని ఉంటుంది. ఒక్కసారి ఆ పేరు పైకి చదివి చూడండి. ఒంటిమీద మూడు వరసల్లో కోలగా మచ్చలు, ప్రతి మచ్చకీ చుట్టూ కాటుక దిద్దినట్టు నల్లటి అంచు. పొడ అంటే మచ్చ. పేరులోనే పోల్చుకునే గుర్తు పెట్టేశారు మనవాళ్ళు. విడిగా డాక్యుమెంటేషన్ అక్కర్లేదు. దొరగారి పేరుతో పిలిస్తే దొరగారు గుర్తొస్తారు గానీ పాము గుర్తురాదు.

ఇంకోటి, పసుపూ నలుపూ పట్టీలుండే బంగారు పాము. రస్సెల్ దాన్ని కూడా మన పేరుతోనే రాసుకున్నాడు. తర్వాత శాస్త్రవేత్తలు కట్లపాముల ప్రజాతికంతటికీ పేరు పెట్టాల్సొచ్చినప్పుడు ఆ మాటే తీసుకుని "బంగారస్" అన్నారు. చైనాలో పుట్టిన కట్లపాముకైనా శాస్త్రీయ నామంలో మొదటి మాట మన తెలుగు బంగారమే. ఇంగ్లీషు మీడియం పిల్లలకి మాత్రం ఇంట్లో కనబడ్డది "స్నేక్". అంతే.

ఇప్పటిదాకా చెప్పినవన్నీ విషం లేనిదాన్ని ఉన్నదనుకోవడం గురించి. మన భాషలో ఫాల్స్ పాజిటివ్. దానికి పాము బలవుతుంది. దీనికి తిరగేసింది ఇంకోటుంది, దానికి మనిషి బలవుతాడు.

కట్లపాము గురించి చెప్తా. నల్లగా, నీలం జీరతో నున్నగా మెరుస్తూ, సన్నటి తెల్ల పట్టీలతో ఉంటుంది. పగలు పిలిచినా పలకదు. రాత్రి తిరుగుతుంది, ఎలకలకోసమో ఇంకో పాముకోసమో ఇళ్ళలోకి వస్తుంది, నేలమీద పడుకున్న మనిషి పక్కలోకి దూరుతుంది. మన దేశంలో మనుషుల్ని ఎక్కువగా చంపే నాలుగు పాముల్లో ఇదొకటి. దీన్ని పోలిన పామొకటుంది, ఇంగ్లీషువాళ్ళు తోడేలు పాము అంటారు. విషం లేదు, బల్లుల్ని తింటుంది, గోడలు బాగా ఎక్కుతుంది. మా వైపు దానికి విడిగా పేరుండగా నేను వినలేదు, అందరూ కట్లపామనే అంటారు.

పుస్తకం ప్రకారం తేడాలు ఇవి. కట్లపాముకి మెడ దగ్గర పట్టీలు ఉండవు, ఉన్నా మసగ్గా ఉంటాయి. తోకవైపు పోయేకొద్దీ స్పష్టంగా, చాలాసార్లు జంటలు జంటలుగా ఉంటాయి. తోడేలు పాముకి తిరగేసి, మెడ దగ్గర బాగా కనబడి తోకవైపు మాసిపోతాయి, పక్కల్లో వెడల్పవుతాయి. కట్లపాము ఒళ్ళు నలుపు, తోడేలు పాముది ఎక్కువగా గోధుమరంగు. అన్నిటికన్నా నమ్మకమైన గుర్తు వెన్నుమీద ఉంటుంది. కట్లపాముకి వెన్నుపొడుగునా మిగతావాటికన్నా పెద్దవైన ఆరుపలకల పొలుసులు ఒక వరస ఉంటాయి, తోడేలు పాముకి ఉండవు.

చదవడానికి భలేగా ఉంది కదా? ఇప్పుడు మినహాయింపులు చూడండి. పిల్ల కట్లపాములకి పట్టీలు మెడదాకా ఉండొచ్చు. కొన్ని ముసలివాటికి పట్టీలే ఉండవు. రాత్రి రెండింటికి, కరెంటు లేనప్పుడు, సెల్‌ఫోన్ వెలుగులో నలుపేదో గోధుమేదో ఎవరు చెప్పగలరు? వెన్నుమీద పొలుసులు లెక్కపెట్టాలంటే పాము చచ్చైనా ఉండాలి, మనం దానిమీదకి వంగైనా ఉండాలి. చచ్చిందనుకున్న పాము తల కూడా కరవగలదు.

నేను తొమ్మిదో తరగతిలో ఉన్నప్పటి మాట. కొత్తపేట దగ్గర మా అమ్మమ్మగారి ఊళ్ళో, తాతయ్య తోటలో కొబ్బరి దింపు తీసే ఆయన ఒకాయన ఉండేవాడు. శ్రావణమాసం, జోరుగా వాన, పాకలో చాపమీద పడుకున్నాడు. తెల్లవారుజామున చేతిమీద ఏదో చీమ కుట్టినట్టయి లేచాడు. చాప దులిపితే చారల చారల పాము. కొట్టేశారు. పక్కింటి పెద్దాయన దీపం పట్టుకొచ్చి చూసి, "ఇది గోడలమీద పాకేదేరా, బల్లుల్ని తింటుంది, ఏం కాదు, పడుకో" అన్నాడు. వాపు లేదు, నెప్పి లేదు, పంటిగాట్లు కూడా సరిగ్గా కనబడలేదు. అందరూ నమ్మారు. ఆయన నిజంగానే పడుకున్నాడు. తెల్లారేసరికి కడుపులో నెప్పన్నాడు. కనురెప్పలు వాలిపోతుంటే నిద్ర చాలక అనుకున్నారు. మాట ముద్దగా వస్తుంటే అప్పుడు భయపడి కారు మాట్లాడారు. రావులపాలెం దాటకుండానే ఊపిరాగిపోయింది. ఇద్దరు పిల్లలు ఆయనకి, చిన్నది నాతో గోలీలాడేది. వాకిట్లో పడేసిన ఆ పాముని మేం పిల్లలందరం చూశాం. మెడ దగ్గర నున్నగా నల్లగా ఉంది, తెల్ల పట్టీలన్నీ తోకవైపే ఉన్నాయి. దానర్థం ఏమిటో నాకు చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది.

ఆ పక్కింటి పెద్దాయన మూర్ఖుడేం కాదు. అదీ అసలు సమస్య. ఆయన అంతకుముందు ఎన్నోసార్లు అలాగే చెప్పాడు, చెప్పిన ప్రతిసారీ నిజమైంది. ఇళ్ళలో గోడలమీద కనబడే చారల పాముల్లో తోడేలు పాములే ఎక్కువ కాబట్టి, కళ్ళు మూసుకుని "ఏం కాదు" అన్నా చాలాసార్లు నిజమే అవుతుంది. పదిసార్లు గెలిచినవాడికి పదకొండోసారి అనుమానం రాదు. మంత్రం వేసేవాళ్ళ పేరుప్రతిష్ఠలకీ ఇదే పునాది. విషం లేని పాములు కరిచినవాళ్ళు, విషమున్న పాము కరిచినా విషం ఎక్కించకుండా వదిలేసినవాళ్ళు, వీళ్ళందరూ మంత్రం లేకపోయినా బతికేవాళ్ళే. వాళ్ళు జన్మంతా మంత్రగాడి గొప్ప చెప్తూ తిరుగుతారు. పోయినవాళ్ళు వచ్చి చెప్పరు కదా. తొంభైతొమ్మిది శాతం కచ్చితత్వం అని స్లైడులో రాసుకునే మనలాంటివాళ్ళం ఈ ఒక్క ముక్క గోడమీద రాసి పెట్టుకోవాలి. రెండు రకాల తప్పులకీ ధర ఒకటి కాదు. విషం లేనిదాన్ని ఉందనుకుని ఆసుపత్రికి పరిగెడితే పోయేది ఆటో డబ్బులూ, ఒక రాత్రి నిద్రా. తిరగేస్తే పోయేది మనిషి.

ఇది ఏదో ఒక ఇంటి కథ అనుకోకండి. దేశవ్యాప్తంగా మరణాల కారణాలు వెతికిన ఒక పెద్ద అధ్యయనం 2011లో అచ్చయింది. 2005 సంవత్సరానికి దేశంలో పాముకాటు చావులు సుమారు 46 వేలని, అందులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌వి సుమారు 5,200 అని, ఉత్తరప్రదేశ్ తర్వాత రెండో స్థానం మనదేనని అది లెక్కగట్టింది. పోయినవాళ్ళలో నూటికి 77 మంది ఆసుపత్రి బయటే పోయారు. అదే బృందం 2020లో ఇంకో లెక్క ఇచ్చింది. 2000 నుంచి 2019 దాకా దేశంలో 12 లక్షల మంది, అంటే ఏటా సగటున 58 వేలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో పాముకాటుని నిర్లక్ష్యానికి గురైన ఉష్ణమండల వ్యాధుల జాబితాలో చేర్చింది. కేంద్ర ప్రభుత్వం 2024లో, 2030 కల్లా ఈ చావుల్ని సగానికి తగ్గించాలని జాతీయ ప్రణాళిక ప్రకటించింది.

ఆసుపత్రికి వెళ్తే ఏమౌతుంది? ఇక్కడ చాలామందికి తెలియని సంగతొకటుంది. మన దేశంలో వాడే విషవిరుగుడు మందు ఒకే పాముకి తయారుచేసింది కాదు. తాచు, కట్లపాము, రక్తపింజర, మెట్టనేలల్లో ఎక్కువగా ఉండే చిన్నపింజర - ఈ నాలుగిటి విషాల్నీ కొద్దికొద్దిగా గుర్రాలకి ఎక్కించి, వాటి రక్తంలోంచి తీసిన మందు. నాలుగిటికీ అదే మందు. కాబట్టి డాక్టరుకి మీరు చచ్చిన పాముని సంచిలో పెట్టి తీసుకెళ్ళి చూపించక్కర్లేదు. ఆయన పాముని చూసి వైద్యం చెయ్యడు, మనిషిని చూసి చేస్తాడు. కనురెప్పలు వాలుతున్నాయా, మింగడం కష్టంగా ఉందా, ఊపిరి అందుతోందా అని చూస్తాడు. కాస్త రక్తం తీసి శుభ్రమైన పొడి గాజు గొట్టంలో పోసి, 20 నిమిషాలు కదపకుండా ఉంచుతాడు. గడ్డ కట్టకపోతే పింజర విషం పనిచేస్తోందని లెక్క. బగ్ ఎవరు పెట్టారో తెలీకపోయినా లాగ్ చూసి సర్వర్ నిలబెట్టడం లాంటిదే. పాముకోసం వెతుకుతూ అరగంట, దాన్ని చంపుతూ ఇంకో అరగంట, కట్లపామా కాదా అని పంచాయితీ పెట్టి గంట పోగొట్టామంటే ఆ రెండు గంటలూ ఆ మనిషి ఊపిరిలోంచి తీసినవే.

పైకి ఒకేలా ఉన్నవి లోపల కూడా ఒకేలా ఉంటాయన్న నమ్మకం కూడా లేదు. ఈ మందుకి కావలసిన విషం ఎక్కువభాగం తమిళనాడులో 1978లో పెట్టిన ఇరుళుల సహకార సంఘం నుంచి వస్తోంది. ఒకే జాతి పాము విషం ఒక్కో ప్రాంతంలో ఒక్కో పాళ్ళలో ఉంటుందనీ, అందువల్ల మందు అన్నిచోట్లా ఒకేలా పనిచెయ్యదనీ బెంగుళూరు ఐఐఎస్సీలో కార్తీక్ సునగర్ గారి బృందం కొన్నేళ్ళుగా చూపిస్తోంది. కంటికి తేడా కనబడని రెండు తాచుల మధ్య కూడా తేడా ఉందన్నమాట. నిపుణులే ప్రయోగశాలలో తేల్చుకోవలసిన విషయాన్ని మనం దీపం వెలుగులో తేల్చేస్తే ఎలా?

ఏతావాతా నేను చెప్పొచ్చేదేమిటంటే, పాముల్ని పోల్చుకోవడం తప్పకుండా నేర్చుకోవాలి, పిల్లలకి నేర్పాలి. కానీ అది కరవకముందు వాడాల్సిన విద్య. నీరుకట్టునీ జెర్రిపోతునీ ప్రాణాలతో వదిలెయ్యడానికి, పెరట్లో చారల పాము కనబడితే ఎంత దూరంలో నిలబడాలో తెలుసుకోవడానికి అది కావాలి. ఒకసారి కాటు పడ్డాక ఆ విద్యని అటకమీద పెట్టెయ్యాలి. అప్పుడిక ప్రతి పామూ విషప్పామే. కోసి రక్తం పీల్చడాలు, తాడుతో బిగించి కట్టడాలు, పసరు పొయ్యడాలు ఏవీ వద్దు. ఉంగరాలూ గాజులూ తీసేసి, కరిచిన చెయ్యో కాలో కదలకుండా ఉంచి, 108కి ఫోన్ చేసి, విషవిరుగుడు మందు ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. దూరంనుంచి ఫొటో తీయగలిగితే తియ్యండి, దానికోసం ఆగకండి. నెప్పి లేదు, వాపు లేదు అన్న ధైర్యం అసలు పనికిరాదు, కట్లపాము కాటుకి మొదట్లో అవి ఉండకపోవచ్చు.

వరదల రోజుల్లో ఇది మరీ ముఖ్యం. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటినప్పుడు మన లంకల పరిస్థితి ఏమైందో టీవీల్లో చూశాం. నీళ్ళు పెరిగితే మనిషికీ పాముకీ మిగిలేది ఒకే గట్టు. ఆ సమయంలో కింద పడుకోకుండా మంచం, చుట్టూ పరుపు కిందకి దోపిన దోమతెర, చేతిలో టార్చి - ఈ మూడూ చేసే మేలు ఏ మంత్రమూ చెయ్యదు. ఊళ్ళో అమ్మానాన్నలకి ఏసీలూ పెద్ద టీవీలూ కొనిపెడుతున్నాం కదా, తోటలో పనిచేసేవాళ్ళకి నాలుగు దోమతెరలూ నాలుగు టార్చిలైట్లూ కొనిపెట్టడం మన జీతాల్లో ఒక పిజ్జా ఖర్చు. వచ్చే సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు ఆ పని చేద్దాం. అలాగే దగ్గర్లో మందు ఏ ఆసుపత్రిలో ఉందో కనుక్కుని, ఆ నంబరు వంటింటి తలుపు వెనక రాయించండి.

ఇంకో చిన్న కోరిక. మీ తాతయ్యనో, మీ చేలో పనిచేసే పెద్దవాళ్ళనో కూర్చోబెట్టి పాముల పేర్లు అడగండి. గోడమీద పాకే ఆ విషం లేని చారల పాముకి మీ వైపు ఏదైనా పేరుంటే నాకు చెప్పండి. రాజోలులో లేకపోయినా కోటిపల్లిలోనో ముమ్మిడివరంలోనో ఎవరో ఒకరు దానికి పేరు పెట్టే ఉంటారని నా నమ్మకం.